ఇంట్లో రథసప్తమి: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే రథసప్తమి గురించిన సందేహాలు మొదలవుతాయి. ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలు, కొంచెం మాటల తేడాతో తిరిగి వస్తుంటాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చి, పండుగ జరిగే వరుసలో అమర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఇక్కడ చెప్పినవి తెలుగు ఇళ్ళలో ఎక్కువగా కనిపించే పద్ధతులు. మీ ఇంటి ఆనవాయితీ వేరుగా ఉంటే దానినే పాటించండి.

## పండుగ ఏమిటి, ఎప్పుడు

సంక్రాంతికి సూర్యుడిని పూజించాం కదా, మళ్ళీ రథసప్తమి ఎందుకు?

సంక్రాంతి సౌరమానం ప్రకారం వచ్చే పండుగ. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించడమే దానికి ఆధారం. రథసప్తమి చాంద్రమానం ప్రకారం మాఘ శుద్ధ సప్తమి నాడు వస్తుంది. అదితి, కశ్యపులకు సూర్యుడు జన్మించిన తిథిగా దీనిని సూర్యజయంతి అని కూడా అంటారు. సూర్యుని ఏడు గుర్రాల రథం పూర్తిగా ఉత్తర దిక్కుకు మళ్ళి వేగం అందుకునేది ఈ రోజునే అని పెద్దలు చెబుతారు. ఆ ఏడు గుర్రాలకు గాయత్రి, ఉష్ణిక్, అనుష్టుప్, బృహతి, పంక్తి, త్రిష్టుప్, జగతి అనే వేదఛందస్సుల పేర్లున్నాయి. రథసారథి అనూరుడు, ఆయనకే అరుణుడని మరో పేరు. సంక్రాంతి ఊరంతా కలిసి చేసుకునే పంటల పండుగ అయితే, రథసప్తమి తెల్లవారుజామున ఇంటి ముంగిట జరిగే పండుగ. ఒకటి చేశాం కాబట్టి రెండోది అక్కరలేదనడం సరికాదు.

ఈ రోజు నుంచి నిజంగానే వెలుగు పెరుగుతుందా, లేక అది నమ్మకమేనా?

పగటి సమయం పెరగడం డిసెంబరు 21 లేదా 22 తర్వాతనే మొదలవుతుంది. అయితే పెరిగే ఆ కొద్ది నిమిషాలూ మొదట్లో సాయంత్రం వైపే చేరతాయి. మన తెలుగు ప్రాంతాల్లో సూర్యాస్తమయం ఆలస్యమవుతూ ఉన్నా, సూర్యోదయం కూడా జనవరి మూడో వారం దాకా రోజురోజుకూ కొంచెం ఆలస్యమవుతూనే ఉంటుంది. భూమి అక్షం వంగి ఉండడం, కక్ష్య దీర్ఘవృత్తంగా ఉండి జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా వేగంగా కదలడం, ఈ రెండింటి వల్ల గడియారం ప్రకారం మిట్టమధ్యాహ్నం రావడమే ఆ రోజుల్లో రోజురోజుకూ కొంచెం ఆలస్యమవుతూ ఉంటుంది. అందుకే సంక్రాంతి వెళ్ళినా తెల్లవారడం ఆలస్యమవుతోందని మనకు అనిపిస్తుంది, అది నిజం కూడా.

జనవరి నెలాఖరుకు ఈ తీరు మారుతుంది. హైదరాబాద్‌లో జనవరి మధ్యలో ఆరు గంటల నలభై తొమ్మిది నిమిషాల ప్రాంతంలో ఉదయించే సూర్యుడు ఫిబ్రవరి నెలాఖరుకు ఆరున్నర దాటిన కొద్ది నిమిషాలకే కనిపిస్తాడు. రథసప్తమి సరిగ్గా ఈ మలుపు దగ్గర, జనవరి చివరి వారానికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్య వస్తుంది. ఉదయపు వెలుగు మనవైపు ముందుకు జరగడం మొదలయ్యే రోజుల్లో, ఉదయాన్నే లేచి ఆ వెలుగుకు ఎదురు నిలబడే పండుగ ఇది. ఈ పండుగలో అన్నిటికంటే ముఖ్యమైనది సూర్యోదయ వేళ అని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

ఏటా తేదీ ఎందుకు మారుతుంది?

తిథి చంద్రుని గతిని బట్టి వస్తుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ స్థిరంగా ఉండదు. 2024లో ఫిబ్రవరి 16న, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న రథసప్తమి వచ్చింది. సులువైన గుర్తు ఏమిటంటే, శ్రీపంచమి తర్వాత రెండో రోజు, భీష్మాష్టమికి ముందు రోజు.

క్యాలెండరులో సప్తమి రెండు రోజులు కనిపిస్తోంది. ఏ రోజు చేసుకోవాలి?

అరుణోదయ సమయానికి సప్తమి ఉన్న రోజునే తీసుకోవాలి. అరుణోదయమంటే సూర్యోదయానికి ముందున్న నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాలు. రెండు రోజుల్లోనూ అరుణోదయానికి సప్తమి ఉంటే మొదటి రోజును గ్రహించాలని ధర్మశాస్త్ర నిర్ణయం. పగలు పదకొండింటికి సప్తమి మొదలయ్యే రోజు అరుణోదయానికి షష్ఠి ఉంటుంది కాబట్టి ఆ రోజు రథసప్తమి కాదు. మీ ప్రాంతపు పంచాంగం చూసుకుంటే ఈ లెక్క మీరు వేయనవసరం లేదు.

## ముందు రోజుల ఏర్పాట్లు

ఏమేమి సిద్ధం చేసుకోవాలి? పెద్ద ఖర్చు అవుతుందా?

కాదు. జిల్లేడు ఆకులు, రేగు పళ్ళు, చిక్కుడుకాయలు, చిక్కుడు ఆకులు, చెరకు ముక్క, కొత్త బియ్యం, కొత్త బెల్లం, పాలు, పిడకలు, ఎర్రని పూలు, రక్తచందనం లేదా కుంకుమ, రాగి చెంబు ఉంటే చాలు. వీటిలో చాలావరకు ఆ ఋతువులో పెరట్లోనో, పొలం గట్టునో, ఊరి బయట ఖాళీ స్థలంలోనో దొరికేవే. చలికాలం చివర ఏది పండుతుందో దానితోనే ఈ పూజ ఏర్పడింది. పూజాసామగ్రి కిట్ల పేరుతో అమ్మే వాటిలో వెండి రథాలు, రంగు దారాలు ఉంటున్నాయి. అవి కొనకపోతే పూజకు లోటేమీ రాదు.

జిల్లేడు ఆకులు ఎలా కోయాలి? దాని పాలు ప్రమాదమని విన్నాను.

ప్రమాదమే, అందుకే జాగ్రత్తగా కోయాలి. ఆకు తుంచగానే తొడిమ దగ్గర నుంచి తెల్లటి పాలు చిక్కగా కారుతాయి. అవి చర్మం మీద పడితే కొందరికి మంట, దద్దుర్లు వస్తాయి. కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. ముందు రోజు పొద్దు కుంకకముందే ఆకులు కోసి, తొడిమలు మునిగేలా ఒక గిన్నె నీళ్ళలో నిలబెట్టి ఉంచితే తెల్లవారేసరికి పాలు కారడం ఆగిపోతుంది. స్నానానికి ముందు ఆకులను రెండు వైపులా కడగాలి. కోసిన చేతులు సబ్బుతో కడుక్కొనేదాకా ముఖం తుడుచుకోకూడదు. పొరపాటున కంట్లో పడితే రుద్దకుండా పదిహేను నిమిషాల పాటు మంచినీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి. నొప్పి తగ్గిందని ఊరుకోకండి. ఈ పాలు తగిలిన కంటికి మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు.

జిల్లేడు దొరకకపోతే?

చిక్కుడు ఆకులతో గానీ రేగు ఆకులతో గానీ స్నానం చేసే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది. జిల్లేడు సూర్యుడికి ఇష్టమైన మొక్క అని, దాని సంస్కృత నామం అర్కమని, అర్కుడంటే సూర్యుడేనని చెబుతారు కాబట్టి దానికి మొదటి స్థానం. దొరకనప్పుడు వెతుకులాటలో సూర్యోదయం దాటిపోనివ్వడం కంటే దొరికిన ఆకులతో వేళకు స్నానం చేయడం మేలు.

పిడకలు ఇంట్లోనే చేసుకోవాలా? బయట కొన్నవి పనికిరావా?

ధనుర్మాసమంతా ముంగిట పెట్టిన గొబ్బెమ్మలను పిడకలుగా తట్టి, ఎండబెట్టి, వాటిలో కొన్నింటిని రథసప్తమి పాలకోసం దాచి ఉంచడం పాత పద్ధతి. ఆ అవకాశం లేనివారు కొన్నవి నిస్సందేహంగా వాడుకోవచ్చు. కొనేటప్పుడు ఒకదానిని విరిచి చూడండి: పుటుక్కున విరిగి లోపల కూడా లేతరంగులో పొడిగా ఉంటే బాగా ఎండినట్టు, లోపల ముదురు రంగులో మెత్తగా ఉంటే పొగ తప్ప మంట రాదు. తెచ్చాక రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి, ఎందుకంటే మాఘమాసపు మంచుకు రాత్రిపూట అవి మళ్ళీ చెమ్మ పడతాయి.

చిక్కుడుకాయల రథం ఎలా చేయాలి?

పొడవుగా, గట్టిగా ఉన్న చిక్కుడుకాయలు ఎనిమిది, కొబ్బరి ఈనెలు లేదా వాడని కొత్త చీపురు పుల్లలు కొన్ని తీసుకోండి. రెండు కాయలను బెత్తెడు దూరంలో సమాంతరంగా పెట్టి, వాటి మధ్య మూడు పుల్లలను నిచ్చెన మెట్లలా గుచ్చితే రథపు అడుగు తయారవుతుంది. నాలుగు మూలలా నాలుగు పుల్లలు నిలబెట్టి, వాటి పై కొసలకు మరో రెండు కాయలు గుచ్చి, ఆ పైన ఇంకో రెండింటిని ఏటవాలుగా కలిపితే గోపురం వస్తుంది. మిగిలిన రెండు కాయలను ముందువైపు కాడిలా అమర్చాలి. చక్రాలకు నాలుగు రేగు పళ్ళు సరిపోతాయి. లేత కాయలు పుల్ల గుచ్చగానే చీలిపోతాయి కాబట్టి గింజ కట్టిన కాయలే తీసుకోవాలి. గింజ ఉన్న చోట కాకుండా రెండు గింజల మధ్య పుల్ల గుచ్చితే కాయ పగలదు. పిల్లలు ఎంతో ఇష్టంగా చేసే పని ఇది, ముందు రోజు సాయంత్రం వాళ్ళకే అప్పగించండి. వంకరగా వచ్చినా ఆ రథాన్నే పూజలో పెట్టాలి.

## తెల్లవారుజామున స్నానం

ఎన్ని ఆకులు, ఎక్కడెక్కడ పెట్టుకోవాలి?

ఏడు ఆకులు. తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ళ మీద రెండు, పాదాల మీద రెండు పెట్టుకోవడం ఎక్కువమంది పద్ధతి. కొన్ని ఇళ్ళలో తల మీదనే మూడు ఆకులు, భుజాల మీద రెండు, పాదాల మీద రెండు పెడతారు. ఒక్కో ఆకు మీద ఒక్కో రేగు పండు ఉంచడం, కొంచెం అక్షతలు వేయడం కూడా ఆనవాయితీలోనివే. పీట మీద తూర్పు ముఖంగా కూర్చుంటే మోకాళ్ళ మీది ఆకులు జారవు. ఇంట్లో పెద్దవారు ఉంటే పిల్లల తల మీద ఆకు వాళ్ళ చేతనే పెట్టించండి.

స్నానం చేసేటప్పుడు ఏమి చదవాలి?

అందరికీ అందుబాటులో ఉన్న శ్లోకం ఇది:

యద్యజ్జన్మకృతం పాపం మయా సప్తసు జన్మసు
తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ

ఏడు జన్మల్లో నేను చేసిన పాపాన్నీ, దానివల్ల కలిగిన రోగాన్నీ శోకాన్నీ ఈ మకరమాసపు సప్తమి తొలగించుగాక అని దీని భావం. శ్లోకం నోటికి రాకపోతే ఈ భావాన్నే తెలుగులో అనుకొని నీళ్ళు పోసుకోవచ్చు. ఫోను చూస్తూ తడబడుతూ చదవడం కంటే అది నయం.

వేడినీళ్ళతో చేయవచ్చా? నదికి వెళ్ళితీరాలా?

నదీస్నానం, సముద్రస్నానం శ్రేష్ఠమని చెప్పారు గాని అది ఉన్నచోట ఉన్నవారికి. ఇంట్లో స్నానం లోటు కాదు. ఆరోగ్యవంతులు చన్నీళ్ళతో చేస్తే మంచిదే. వృద్ధులు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, బాలింతలు, చంటిపిల్లలు గోరువెచ్చని నీళ్ళతోనే చేయాలి. చలిలో ఒక్కసారిగా చన్నీళ్ళు పోసుకుంటే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. భక్తి పేరుతో అలాంటి ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

చిన్నపిల్లలకు జిల్లేడు ఆకులు పెట్టవచ్చా?

ఐదారేళ్ళ లోపు పిల్లలకు చిక్కుడు ఆకులు పెట్టడమే సురక్షితం. వాళ్ళు తల మీది ఆకును లాగి, అదే చేత్తో కళ్ళు నలుపుకుంటారు. పెద్ద పిల్లలకు జిల్లేడు ఆకు పెట్టినా తల మీద నుంచి నీళ్ళు ధారగా పోసేటప్పుడు కళ్ళు మూసుకోమని చెప్పాలి.

## అర్ఘ్యం, పూజ

పూజ ఎక్కడ చేయాలి?

తులసికోట దగ్గర, సూర్యకాంతి పడేచోట చేయాలి. నేల అలికి లేదా తుడిచి, బియ్యప్పిండితో రథం ముగ్గు వేసి, దాని మీద పీట పెట్టి, పీట మీద తమలపాకులో రక్తచందనంతో సూర్యబింబాన్ని గీసి చిక్కుడు రథంలో ఉంచుతారు. పటం ఉంటే పెట్టుకోవచ్చు, లేకపోయినా సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. ఎర్ర మందారం, ఎర్ర గన్నేరు వంటి పూలు, గోధుమలు ఆయనకు ప్రీతి. ఆవునేతి దీపం వెలిగించి, ఆదిత్య హృదయమో, సూర్యాష్టకమో వచ్చినది చదువుకోవాలి.

అర్ఘ్యం ఎలా ఇవ్వాలి?

రాగి చెంబులో శుభ్రమైన నీళ్ళు తీసుకొని, కొంచెం రక్తచందనం, అక్షతలు, ఒక ఎర్రని పువ్వు వేయాలి. రాగి పాత్రలో పాలు పోయకూడదు. తూర్పు ముఖంగా నిలబడి, చెంబును రెండు చేతులతో గుండె ఎత్తుకు లేపి, నీటిని సన్నని ధారగా విడవాలి. నీళ్ళు కాళ్ళ మీద పడకుండా పళ్ళెంలో గానీ మొక్క మొదట్లో గానీ పడేలా చూసుకోవాలి. మూడుసార్లు ఇస్తే చాలు. అర్ఘ్యం ఇస్తూ మిత్ర, రవి, సూర్య, భాను, ఖగ, పూష, హిరణ్యగర్భ, మరీచి, ఆదిత్య, సవితృ, అర్క, భాస్కర అనే పన్నెండు నామాలు తలచుకోవచ్చు. సూర్యనమస్కారాలు చేసే అలవాటున్నవారు ఇవే నామాలతో పన్నెండు నమస్కారాలు చేస్తారు. అలవాటు లేనివారు ఆ ఒక్కరోజు పట్టుదలగా చేసి నడుము నొప్పి తెచ్చుకోవద్దు.

సూర్యుడిని నేరుగా చూడాలా?

చూడకూడదు. నీటిధార గుండా చూస్తే కంటికి మంచిదన్న మాటను నమ్మవద్దు. నీటిధార కంటిని కాపాడదు. కళ్ళు వాల్చి, ముఖం మీద పడుతున్న వెచ్చదనాన్ని గ్రహిస్తూ నమస్కరించండి.

ఆ రోజు మబ్బు పట్టి సూర్యుడు కనిపించకపోతే పూజ చెల్లుతుందా?

చెల్లుతుంది. పంచాంగంలో ఉన్న సూర్యోదయ సమయానికి తూర్పు దిక్కుకు అర్ఘ్యం ఇవ్వండి. మాఘంలో కోస్తా జిల్లాల్లో దట్టంగా కురిసే మంచు వల్ల ఎనిమిదింటి దాకా బింబం కనిపించని రోజులు మామూలే. దానికోసం పూజ ఆపనవసరం లేదు.

## పాలు పొంగించడం, నైవేద్యం

పిడకల మీద పాలు పొంగించే పద్ధతి చెప్పండి.

తులసికోట ఎదుట మూడు ఇటుకలు త్రికోణంగా పెట్టి, మధ్యలో పిడకలను ముక్కలుగా విరిచి గాలి ఆడేలా గోపురంలా పేర్చాలి. ముద్దగా కుక్కితే అంటుకోవు. కర్పూరం, ఎండుకొబ్బరి పీచు, కాస్త నెయ్యి ఉంటే వెలుగుతాయి, కిరోసిన్ వాడవద్దు. మొదటి పది నిమిషాలు పొగ ఎక్కువగా ఉంటుంది. పొగ తగ్గి, పిడకల అంచులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు గిన్నె పెట్టాలి. ముందే పెడితే పాలకు పొగవాసన పడుతుంది. కళాయి పూసిన ఇత్తడి గిన్నె శ్రేష్ఠం, స్టీలు గిన్నె అయినా అభ్యంతరం లేదు. గిన్నె బయటి అడుగుకు తడిమట్టి పలచగా పూస్తే తర్వాత మసి తేలికగా వదులుతుంది. గిన్నె మెడకు పసుపు కొమ్ము కట్టి, పాలు పోసి, మూత పెట్టకుండా వదిలేయండి. మీగడ మధ్యకు ముడుచుకొని, అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు లేచిన కొద్ది క్షణాల్లోనే పాలు పొంగుతాయి. ఆ సమయానికి ఇంట్లో అందరూ అక్కడ ఉండాలి. తలుపు దగ్గర నిలబడి పిల్లలను కేకేయడంలో ఆ పొంగు చూడలేకపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి.

పాలు తూర్పు వైపు పొంగకపోతే అశుభమా?

కాదు. తూర్పుకు గానీ ఉత్తరానికి గానీ పొంగితే మంచిదని సంబరంగా చెప్పుకుంటారు. పాలు ఎటు పొంగాలన్నది మంట ఎటు ఎక్కువగా ఉంది, గిన్నె ఎటు వాలి ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది. దాన్నిబట్టి ఏడాదంతా భయపడడం సూర్యారాధన కాదు.

పరమాన్నం చేస్తే ప్రతిసారీ పాలు విరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

బెల్లం వేసే సమయంలోనే కిటుకు ఉంది. బెల్లంలో సహజంగా ఉండే ఆమ్లగుణం, లవణాలు మరుగుతున్న పాలను విరగగొడతాయి. పొంగిన పాలలో కడిగిన కొత్త బియ్యం వేసి, మెతుకు వేళ్ళ మధ్య పూర్తిగా నలిగేదాకా ఉడికించాలి. బెల్లం పడ్డాక మెతుకు ఇక మెత్తబడదు. తర్వాత గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, ఐదు నిమిషాలు ఆగి, విడిగా కొద్ది నీళ్ళలో కరిగించి వడకట్టి చల్లార్చిన బెల్లాన్ని కలపాలి. మళ్ళీ పొయ్యి ఎక్కించకూడదు. లీటరు చిక్కటి పాలకు 100 గ్రాముల కొత్త బియ్యం, 175 నుంచి 200 గ్రాముల బెల్లం సరిపోతాయి. కొత్త బియ్యం త్వరగా జిగురెక్కి అడుగంటుతుంది కాబట్టి కలుపుతూనే ఉండాలి. ఆ కలిపేది గరిటెతో కాకుండా చెక్కు తీసిన చెరకు ముక్కతో కావడం ఈ పండుగ ప్రత్యేకత. వేడికి చెరకు రసం కూడా కొద్దిగా పాలలోకి దిగుతుంది.

నైవేద్యం చిక్కుడు ఆకుల్లోనే పెట్టాలా?

ఏడు చిక్కుడు ఆకుల్లో ఏడు చోట్ల పరమాన్నం పెట్టి నివేదించడం తెలుగువారి ఆచారం. ఆకులు కడిగి, తడి తుడిచి, నున్నని వైపు పైకి ఉంచాలి. వేడి పరమాన్నం పడగానే ఆకు కమిలి పచ్చివాసనతో కూడిన ఒక కమ్మదనం వస్తుంది. అది తిన్నవారికి ఆ రుచి ఏడాదంతా గుర్తుంటుంది. చిక్కుడు ఆకులు దొరకకపోతే అరటాకు ముక్కలు వాడుకోవచ్చు.

## అపార్ట్‌మెంట్లు, విదేశాలు, వీలుకాని పరిస్థితులు

అపార్ట్‌మెంట్‌లో పిడకలు ఎలా వెలిగించాలి?

మూసి ఉన్న గదిలో గానీ, అద్దాల తలుపులు వేసిన బాల్కనీలో గానీ ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించకూడదు. పిడకల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. డాబా మీద అనుమతి ఉంటే నాలుగు కుటుంబాలు కలిసి అక్కడ పొంగించుకోవడం ఉత్తమం, పైగా అక్కడ సూర్యుడు కూడా ముందుగా కనిపిస్తాడు. పక్కన బకెట్ నీళ్ళు ఉంచండి. డాబా వీలుకానప్పుడు గ్యాస్ పొయ్యి మీద పొంగించి, తూర్పు కిటికీ దగ్గరకు తెచ్చి నివేదించండి. గుప్పెడు పిడక ముక్కలను మట్టి ప్రమిదలో ఇంట్లోనే కాల్చి ‘శాస్త్రం’ జరిపించే అలవాటు ఈమధ్య కనిపిస్తోంది. దానివల్ల వచ్చేది పొగ మాత్రమే.

ఉద్యోగానికి వెళ్ళాలి. అన్నీ చేయడానికి సమయం లేదు. ఏది వదలవచ్చు?

స్నానం, అర్ఘ్యం వదలకండి. ఆ రెండూ సూర్యోదయానికి ముడిపడినవి, రెండింటికీ కలిపి అరగంట చాలు. రథం ముందు రోజు రాత్రే చేసి తడిగుడ్డ కప్పి ఉంచుకోవచ్చు. పాలు గ్యాస్ మీద పొంగించి పరమాన్నానికి బదులు బెల్లం కలిపిన పాలే నివేదించవచ్చు. తొమ్మిదింటికి నిద్ర లేచి పిడకలు, రథం, ఏడు ఆకులు అన్నీ సక్రమంగా చేయడం కంటే, వేళకు లేచి ఒక చెంబెడు నీళ్ళు సమర్పించడం ఈ పండుగ స్వభావానికి దగ్గర.

విదేశాల్లో ఉన్నాం. భారతదేశపు తేదీనే పాటించాలా?

మీరున్న ఊరి సూర్యోదయాన్ని బట్టి చేసిన పంచాంగాన్ని పాటించాలి. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలైనా, ఆ క్షణానికి ఒక్కో చోట ఒక్కో సమయం అవుతుంది కాబట్టి అమెరికాలో ఒక్కోసారి ఒకరోజు ముందే రావచ్చు. మంచు కురిసే ఊళ్ళలో కొన్నిచోట్ల సూర్యోదయం ఏడున్నర దాటాక ఉంటుంది, అంటే అక్కడ స్నానానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అది వేసవి చివర. అక్కడ పగళ్ళు తగ్గుతూ ఉంటాయి. అయినా మాఘ శుద్ధ సప్తమి తిథినే పట్టుకొని చేసుకోవాలి. జిల్లేడు ఆకులను భారతదేశం నుంచి సామానులో తీసుకువెళ్ళవద్దు. చాలా దేశాలు పచ్చి ఆకులను విమానాశ్రయంలోనే ఆపేస్తాయి.

ఇంట్లో మైల ఉంది. ఏం చేయాలి?

జాతాశౌచం, మృతాశౌచం ఉన్న రోజుల్లో పాలు పొంగించడం, నైవేద్యం పెట్టడం చేయరు. స్నానం చేసి మనసులో నమస్కరించుకోవడానికి అడ్డు లేదు. ఏటిసూతకం ఉన్న ఇళ్ళలో పద్ధతి ఒక్కో కుటుంబానికి ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి మీ పురోహితులను అడగడం మంచిది.

## పూజ అయ్యాక

నోములు ఈ రోజే పట్టాలంటారు, నిజమేనా?

కొత్త నోములు పట్టడానికి సంక్రాంతి తర్వాత రథసప్తమినే ముఖ్యమైన రోజుగా ఆడవాళ్ళు ఎంచుకుంటారు. చిత్రగుప్తుని నోము వంటివి ఈ రోజునే ఆరంభిస్తారు. నోము పట్టాక ఏడాదిపాటు కథ చెప్పుకొని అక్షతలు వేసుకోవాలి, ఉద్యాపన చేయాలి. తోటివారు పట్టారని కాకుండా, తీర్చగలిగినది పట్టండి.

ఏమి దానం చేయాలి?

గోధుమలు, బెల్లం, ఎర్రని వస్త్రం సూర్యప్రీతికి ఇస్తారు. ఎండలు మొదలయ్యే ముందు కాబట్టి గొడుగు, చెప్పులు ఇవ్వడం అన్నిటికంటే సమంజసమని నాకు అనిపిస్తుంది. వీధి ఊడ్చేవారికో, తోపుడు బండి మీద అమ్ముకునేవారికో ఇస్తే వేసవి నాలుగు నెలలూ అవి పనికివస్తాయి. చెప్పులైతే కొలత అడిగి కొనండి.

గుడికి వెళ్ళాలంటే ఎక్కడ విశేషం?

శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో అర్ధరాత్రి దాటగానే క్షీరాభిషేకం మొదలై, స్వామి నిజరూప దర్శనం లభిస్తుంది. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు ఉదయకిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాలను తాకేది ఈ గుడిలోనే. తిరుమలలో ఆ రోజు మలయప్పస్వామి తెల్లవారుజామున సూర్యప్రభ వాహనంతో మొదలుపెట్టి రాత్రి చంద్రప్రభ దాకా ఏడు వాహనాల మీద ఊరేగుతారు. అందుకే దానిని ఒక్కరోజు బ్రహ్మోత్సవం అంటారు. రెండుచోట్లా రద్దీ విపరీతంగా ఉంటుంది. నడవలేని పెద్దలు, చంటిపిల్లలు ఉన్నవారు ఉదయం ఇంట్లో పూజ చేసుకొని, వాహనసేవలను టీవీలో చూడడం మంచిది.

వాడిన ఆకులు, రథం, బూడిద ఏం చేయాలి?

జిల్లేడు ఆకులను స్నానాల గది తూములో వదలకుండా ఏరి, ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో వేయాలి. పశువులు తినే చోట వేయకూడదు. నైవేద్యం పెట్టిన చిక్కుడు ఆకులను ఆవుకు పెట్టవచ్చు. చిక్కుడు రథానికి సాయంత్రం దీపం పెట్టి, మరునాడు పుల్లలు జాగ్రత్తగా లాగేసి కాయలు కూర వండుకునే ఇళ్ళున్నాయి, మొక్కల్లో కలిపేసే ఇళ్ళూ ఉన్నాయి. పిడకల బూడిద పూర్తిగా చల్లారాక జల్లించి దాచుకుంటే ఇత్తడి సామాను తోమడానికి పనికివస్తుంది. లోపల నిప్పు మర్నాటిదాకా ఉండవచ్చు కాబట్టి అదే రోజు ప్లాస్టిక్ చెత్తబుట్టలో మాత్రం వేయకండి.